‘ఓ’ గ్రూపు పెళ్ళికూతురు

“పిల్లని సూడ్డానికొచ్చినావా, గేదెని కొనడానికొచ్చినావా బాబూ?” పోర్టులో పనిచేసే పిల్ల తండ్రి తవిటయ్య కాఫీ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు.

పెళ్ళికొడుకు గురునాథరావు తల వంచుకున్నాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు.

“తప్పట్టుకోకండి. జాతకం నాకక్కర్నేదు. అమ్మాయిగారి బ్లడ్ గ్రూపు తెలిస్తే సాలు. ‘ఓ’ గ్రూపోళ్ళకి ఊపిరితిత్తుల జబ్బులు అంత వేగిరం అంటుకోవని పేపర్లో సదివినాను. ‘ఓ’ అయితేనే సేసుకుంతాను.”

ఎనభై నాలుగు నాటి మాట ఇది. ఉక్కునగరంలో నాటిన మొక్కలు ఇంకా మోకాలెత్తే ఉండేవి. స్టీల్ ప్లాంటు కడుతూనే ఉన్నారు, అయినా గురునాథరావులా అందులో గుమస్తా అంటే గాజువాకంతా ఎగబడేది. ఎంత చల్లని రోజులవి! నక్షత్రం అడిగేవాళ్ళు, గోత్రం అడిగేవాళ్ళు. రక్తం అడిగినవాణ్ణి మాత్రం ఎవరూ చూడలేదు.

“ఈ సంబంధం మనకొద్దు,” అనేశాడు తవిటయ్య.

తలుపు చాటున వింటున్న అతని కూతురు గౌరీశ్వరికి గుండె జారిపోయింది. ఇందాక కాఫీ ఇస్తూ గురునాథరావు చొక్కా మీద ఒలకబోస్తే, తప్పు తనదేనని అందరికీ చెప్పి రుమాలుతో తుడుచుకున్నాడు. ఆ క్షణమే అతను ఆమెకు నచ్చేశాడు.

మర్నాడు అక్క కామేశ్వరిని తోడు తీసుకుని, రెండు బస్సులు మారి సీతమ్మధారలో క్లినిక్కుకి వెళ్ళింది. వేలు పొడిచి చూసి చీటీ రాసిచ్చారు. అందులో ‘బి’ అని ఉంది.

బస్టాపులోనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“ఏడకే. నా పురిటప్పుడు సూసినారు, నాది ‘ఓ’యే. ఆ సీటీ ఇంట్లోనే ఉంది,” అంది కామేశ్వరి. “పేరున్న ముక్క సింపేసి ఇచ్చీ. రక్తం బయటికొచ్చి సాచ్చికం సెప్తాదేటి?”

అక్కచెల్లెళ్ళిద్దరూ తండ్రిని బతిమాలి ఒప్పించారు. ఆదివారం గురునాథరావు మళ్ళీ వచ్చాడు. వీధి అరుగు మీద గౌరీశ్వరి, పేరు చింపేసిన అక్క చీటీని అతని చేతికిచ్చింది. అతను మూడుసార్లు చదువుకుని గట్టిగా ఊపిరి వదిలాడు.

ఆమెకు ఉక్రోషం ఆగలేదు. “రోగం రొష్టు రాని పిల్లే కావాలేటండీ మీకు?”

“అది కాదండి.” అతను గొంతు తగ్గించాడు. “రోగం నాకండి. రెండేళ్ళ కిందట టీబీ వచ్చింది. ఆర్నెల్లు ఆస్పత్రిలో ఉన్నాను. తగ్గిపోయిందని డాక్టర్లంటారు, నాకే నమ్మకం సాలట్లేదు. నన్ను సేసుకున్న పాపానికి మీకంటుకుంటే నాను బతకలేను. ఇదంతా ఇన్నాక వద్దన్నా, మీమీద నాకు కోపం నేదు.”

ఇంకా తాళైనా కట్టకుండానే తన కోసం ఇంత బెంగపడే మనిషి ఉన్నాడంటే గౌరీశ్వరికి ఏడుపొచ్చింది.

“‘ఓ’ వాళ్ళకి రాదన్నారు కదండీ,” అంది కళ్ళు తుడుచుకుని. “మరింక భయమేటి? ముహూర్తం పెట్టించండి.”