భోజలీల గోడ

ఇంకాస్త ఇటు జరిగి కూర్చోండి. ఈ గోడ సంగతి గట్టిగా చెప్పేది కాదు.

హోళీ వెళ్ళి నాలుగు రోజులైనా కాలేదు, సుకవారో మేక ధేలాబాయి పెరట్లో దూరి వంగనారంతా నమిలేసింది. రెండు పెరళ్ళ మధ్య మట్టిగోడ, ఒక మనిషి బారుగా పడుకునేంత మేర, తెల్లారేసరికి కూలి ఉంది. ధేలాబాయి చీపురు పట్టుకుని ఆ సందులో నిలబడింది. మేకను కొట్టలేదు. దానితో మాట్లాడింది.

"ఏమే మేకా, నీకంటే సిగ్గు లేదు, నిన్ను మేపేవాళ్ళకైనా ఉండొద్దా? పొద్దున్నే పక్కింటి నారు మేసి రమ్మని పంపారా?"

అవతల సొరపాదుకు పందిరి కడుతున్న సుకవారో తలెత్తకుండా పాదుతో అంది. "విన్నావా సొరపాదూ? కొందరికి నారు పోయడం వచ్చుగానీ గోడ నిలబెట్టుకోవడం రాదు. మేకదేముంది, ఆకు కనపడితే తింటుంది. మీసాలొచ్చిన కొడుకును ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకు తెలియాలి."

ఆ మీసాలొచ్చిన కొడుకు తిహారు అప్పుడే చద్దన్నం గిన్నె ముందు కూర్చున్నాడు. ఎత్తిన ముద్ద గిన్నెలోనే పెట్టేశాడు.

తిట్టుకునేవాళ్ళు మామూలు ఇరుగుపొరుగయితే అతనికి ఇంత బాధ ఉండేది కాదు. వాళ్ళిద్దరూ భోజలీలు. ఈ ఊరికి కొత్త కోడళ్ళుగా వచ్చిన ఏడు, మొలకెత్తిన గోధుమనారు ఒకరి చెవిలో ఒకరు తురిమి నేస్తం కట్టారు. అలా కట్టుకున్నాక చచ్చేదాకా ఒకరి పేరొకరు పలకకూడదు, భోజలీ అనే పిలుచుకోవాలి, ఒకరితో ఒకరు పోట్లాడకూడదు. అందుకే మేకనూ సొరపాదునూ మధ్యన పెట్టుకుని తిట్టుకుంటున్నారు. అయినా ఊరికి చెవుల్లేవా? నిరుడు బోరింగు దగ్గర నలుగురి ముందూ ఎవరో అననే అన్నారు, భోజలీలు పోట్లాడుకునే వీధిలో వాన కూడా ఆలోచించుకుని కురుస్తుందని.

తిహారు చేయి కడుక్కుని లేచాడు. "అమ్మా, ఇక చాలు. ఏటా హోళీ వెళ్ళగానే ఈ గోడ పడటం, మీరిద్దరూ ఊరికి నవ్వులాట కావడం. ఇవాళే జోహన్ మేస్త్రీని పిలుస్తా. ఇటుక, సిమెంటు. మళ్ళీ నా కళ్ళముందు పడదు."

ధేలాబాయి చేతిలో చీపురు ఆగింది. "సిమెంటా?"

"సిమెంటే."

అవతల సుకవారో వేస్తున్న ముడి ఊడిపోయింది.

మధ్యాహ్నానికి జోహన్ వచ్చి తాడు పట్టాడు. పునాదికి గునపం ఎత్తేసరికి సుకవారో వచ్చి ఆ తాడు మీదే చతికిలబడింది.

"తిహారూ, పెద్దమ్మను కాబట్టి చెబుతున్నా. నీ తాడు జానెడు నా పెరట్లోకి వచ్చింది."

"జానెడు కాదురా, మూరెడు మనదే అటు పోయింది," అంది ధేలాబాయి ఇటు నుంచి. "ఆ మునగచెట్టు కూడా మనదేనని మీ నాన్న అనేవాడు."

"ఆ మునగ నాటింది మా అత్త. సాక్ష్యం చెప్పవే సొరపాదూ."

"మొన్న మొలిచిన పాదు సాక్ష్యమట. విన్నావుటే మేకా?"

జోహన్ కాసేపు ఇటు చూశాడు, కాసేపు అటు చూశాడు. గునపం భుజాన వేసుకున్నాడు. "తమ్ముడూ, హద్దు తేలనిచోట నేను పునాది తీయను. ఒకసారి తీసి వీపు వాచింది. ముందు వీళ్ళను ఒప్పించి కబురు పెట్టు."

"ఎప్పటికి ఒప్పుకుంటారంటావు?"

"ఇద్దరిలో ఒకరు పోయాక," అని జోహన్ వెళ్ళిపోయాడు.

తిహారు ఆ పూటంతా ఇద్దరినీ బతిమాలాడు. జానెడు దగ్గర ఒకరు, మూరెడు దగ్గర ఒకరు, కదిలితే ఒట్టు. చివరికి అతని పెళ్ళాం రాంబతి గుమ్మంలోంచి విసుక్కుంది. "ఇంతోటి గోడకు ఇంత యుద్ధమా? మట్టితోనే పెట్టుకోనివ్వు, పీడ పోతుంది."

తిహారు చేతులెత్తేశాడు. "సరే. పాత గోడ ఎక్కడుందో అక్కడే, మట్టితోనే పెట్టుకోండి. కానీ అది లేచేదాకా తిట్టుకోబోమని ఒట్టు వేయండి."

ఇద్దరూ మొహాలు ముడుచుకునే ఒట్టు వేశారు.

మట్టిగోడ ఒక్క రోజులో లేచేది కాదు. రోజుకు జానెడు వరస, అది ఆరాకే పైది. మర్నాటి నుంచి ధేలాబాయి ఇటు గడ్డి కలిపిన మట్టి తొక్కడం, సుకవారో అటు నుంచి ముద్దలు అందుకోవడం. రెండిళ్ళ కోడళ్ళూ ఆ ఛాయలకు రాలేదు. ఆ ముసలమ్మల మధ్య తల దూర్చి మాట పడేదెవరు? మోకాళ్ళ నొప్పులూ, కోడళ్ళు కూరలో దట్టించే కారమూ, పోయిన మొగుళ్ళ గురకలూ, వాళ్ళు వదిలిన సంగతంటూ లేదు. తిహారు దూరం నుంచి విని హమ్మయ్య అనుకున్నాడు. తిట్టేవాళ్ళు లేక మేక బోసిపోయింది.

ఆరో రోజు ఆఖరి వరస. తిహారు ఇద్దరికీ టీ పట్టుకుని వచ్చి, చిక్కుడు పందిరి చాటున ఆగాడు. గోడ మీద ఇక తలలే కనపడుతున్నాయి. సుకవారో చివరి ముద్ద అందుకోకుండా గోడ మీద చేతులు ఆనించి నిలబడింది.

"ఇక మళ్ళీ ఏడాదికే కదా భోజలీ. ఊరికే వచ్చి కూర్చుంటే మీ కోడలు 'ఏం పని మీద వచ్చావు పెద్దమ్మా' అంటుంది."

"మీ కోడలు మాత్రం అనదా?" ధేలాబాయి ఆ ముద్దను తనే పెట్టి తడిచేత్తో నున్నగా రాసింది. గొంతు తగ్గించింది. "అందుకే చెబుతున్నా, మరిచిపోయేవు. రాత్రంతా గోడ మొదట్లో కుండలకు కుండలు నీళ్ళు కుమ్మరించి ఈసారి నా నడుం పడిపోయింది. వచ్చే హోళీకి నీళ్ళు పోసే వంతు నీది."

ఈ మాట గుర్తుంచుకుని పదిమందికీ చెప్పండి. ఆ రెండిళ్ళ కోడళ్ళకు తప్ప.