వీపుకు ఆనిన బరువు

శింగనమల గుట్టల్లో ఇక తోడేలే లేదని ఊరంతా తేల్చేసింది గానీ, ఇంద్రాణి ఒప్పుకుంటేనా! ఒక్కటి బతికున్నా ఫోటో తీస్తానని మూడేళ్లుగా కెమెరా పట్టుకుని తిరుగుతూనే ఉంది. ఆ సాయంత్రం గొర్రెలు కాచే తిమ్మక్క కుక్కల్ని ఊళ్లోనే కట్టేసి, తన ఉతకని గొంగడి కప్పి ఆమెను మంద మధ్యలో కూర్చోబెట్టింది.

"కంపు చంపుతాండాది అక్కా!"

"మనిషి వాసన తగిల్తే అది రాదు పాపా. ఈ పొద్దుకు నువ్వూ నా గొర్రెవే. అరవద్దు."

చీకటి పడింది. గొర్రెలన్నీ ఒక్కసారిగా నెమరు ఆపేశాయి. అంతలో ఇంద్రాణి వీపుకు వెచ్చగా, బరువుగా ఏదో ఆనింది.

"జరుగక్కా, నడుము పట్టేస్తాండాది," అని గొణిగింది.

"నేను ఆడ యాడుండానే?" తిమ్మక్క గొంతు మంద అవతలి కొస నుంచి వినిపించింది.

ఇంద్రాణికి ఒళ్లంతా చల్లబడింది. మాటలు విని కూడా వెనకున్నది కదల్లేదు. దాని ఊపిరిలో పచ్చి మాంసం వాసన. తిరిగి చూస్తే ఏమవుతుందో! వేలు కెమెరా బటన్ మీదికి చేరింది.

అప్పుడు ఆ బరువైన పొట్టలోంచి, గొంగడి మీదుగా, ఆమె నడుముకు ఏదో చిన్నగా తన్నింది. కాసేపటికి ఇంకొకచోట ఇంకొకటి.

ఇంద్రాణి కెమెరా మీది వేలు మెల్లగా తీసేసింది.