గడపకు అడ్డంగా

“మొగుడితో మాట కలపడం రాదు గానీ, పిల్లకి ఇంగ్లీషు వాక్యాలు కలపడం నేర్పుతుందట,” అంటూ తలాంత్ టీ గిన్నెను పక్కకు తోసేశాడు. అతని తండ్రీ తమ్ముడూ తల వంచుకుని రొట్టె తుంచుకుంటున్నారు.

తలాంత్ భార్య నూర్జాత్ కూతురితోనే మాట్లాడింది. “‘బట్’ తర్వాత ‘స్టిల్’ పెట్టు, జిబెక్. నాన్న వద్దన్నాడు, బట్ స్టిల్ నేను పరీక్షకు వెళ్తాను. ఏదీ, చెప్పు.”

జిబెక్ నోరు తెరిచేలోపే నూర్జాత్ చెంప పగిలింది. రెండో దెబ్బకు పెదవి చిట్లింది. తలాంత్ ఆమెను జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు.

“పరీక్ష అంటూ బిష్కెక్ బస్సెక్కితే ఇద్దరికీ కాళ్లు విరగ్గొడతా.”

“బట్ స్టిల్ వెళ్తాను,” అంది జిబెక్.

తలాంత్ బెల్టు విప్పాడు.

అతని తల్లి బూబీరా లేచి గడప దగ్గరికి నడిచింది. నూర్జాత్ జిబెక్‌ను తన వెనక్కి లాక్కుంది. తలాంత్ పెళ్లికోసం తనను బలవంతంగా ఎత్తుకొచ్చి ఈ ఇంట్లో పడేసిన రోజున, పారిపోకుండా అత్తగారు ఈ గడపకే అడ్డంగా పడుకుంది. అడ్డంగా పడుకున్న పెద్దవాళ్లను దాటి వెళ్తే శాపం తగులుతుందని అక్కడి నమ్మకం. ఆ భయంతోనే తను ఉండిపోయింది.

“చూస్తావేంటే కోడలా? పిల్లని తీసుకుని నడువు,” అంది బూబీరా.

వాళ్లిద్దరూ వీధిలోకి పరుగెత్తాక ఆమె గడపకు అడ్డంగా పడుకుంది. వెంటపడబోయిన తలాంత్ అక్కడే ఆగిపోయాడు.

“లేమ్మా.”

“దాటాలనుంటే దాటు.”

అతను కదల్లేదు. బూబీరా లోపలున్న భర్తనూ చిన్న కొడుకునూ కూడా చూసి మెల్లగా చెప్పింది.

“అందరూ వినండి. పిల్ల పరీక్ష రాస్తుంది. బస్సు కదిలేదాకా ఈ ఇంట్లోంచి మగవాడెవడూ బయటికి వెళ్లడు.”