మిగిలిన చెంప

"చెయ్యి ఎలా విరిగిందమ్మా?" ఎక్స్‌రేని వెలుతురుకెత్తి చూస్తూ అడిగాడు ఎముకల డాక్టరు.

"బాత్రూంలో జారిపడ్డారండీ," మాస్కు వెనకనుంచి తడుముకోకుండా చెప్పింది భార్య. ఇదే గదిలో రెండుసార్లు తన చేతికి కట్టు వేయించుకున్నప్పుడూ ఆ మాటే చెప్పింది.

విరిగిన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని పక్కనే కూర్చున్నాడు భర్త.

"మూడేళ్ళుగా డయాలసిస్ కదా, ఎముకలు గుల్లబారిపోయాయి. చిన్న దెబ్బకే పుల్లల్లా విరుగుతాయి. డయాలసిస్ సూదులు గుచ్చేది ఆ ఎడమచేతికే. దాన్నైనా దేనికీ తగలనివ్వకండి."

"నేను చూసుకుంటానండీ. కంటికి రెప్పలా చూసుకుంటాను."

భర్తని మెల్లగా నడిపించుకొచ్చి వరండాలో బల్లమీద కూర్చోబెట్టింది. కట్టు కింద దిండు సర్దింది. అటూ ఇటూ చూసి మాస్కు తీసింది. ఎడమచెంప మీద నాలుగు వేళ్ళూ ఇంకా ఎర్రగా అచ్చుపడే ఉన్నాయి.

వంగి, కుడిచెంప అతని ముఖం ముందు పెట్టింది.

"ఎడమచెయ్యి మిగిలిందిగా, కొట్టండి. భయమెందుకు? మళ్ళీ బాత్రూంలోనే జారారని చెబుతాలెండి."