ముత్తవ్వ వదిలేసిన చరణం

“ఇగ నువ్వు మాట్లాడితే అందరికి ఇనవడ్తది బాపమ్మా,” అని శైలజ సెల్‌ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పక్కకు జరిగింది.

అప్పుడే చర్చి నుంచి వచ్చిన ముత్తవ్వ కొంగు సర్దుకుని, గడులు గడులుగా కనబడుతున్న మొఖాలను వింతగా చూసింది. యూనివర్సిటీ తెలుగు శాఖ ప్రతి ఆదివారం ఆన్‌లైన్‌లో నడిపే పల్లెపాటల సభ అది. పరిశోధన కోసం శైలజ సేకరించిన నాట్ల పాటలన్నీ ముత్తవ్వ నోటివే. ఈ సభ బాగా జరిగితే వాటిని పుస్తకంగా వేద్దామని శైలజ గైడ్ మేడమ్ మాట ఇచ్చింది. బోయినపల్లిలో కూలిపని చేసుకునే మనిషి పాట పుస్తకంలోకి ఎక్కబోతోంది. అందుకే సిరిసిల్లలో ఆటో నడిపే శైలజ తండ్రి ఏసుబాబు కూడా ఆ పూట బండి తీయకుండా, తల్లి పాట వినడానికి గడపలో కూర్చున్నాడు.

మేడమ్ ముత్తవ్వను పేరుతో, ఊరితో పరిచయం చేసింది. ముత్తవ్వ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. మడిలో నీళ్ళ చప్పుడు, నారు కట్టల బరువు, వంగిన నడుముల నొప్పి, అన్నీ ఆ గొంతులో ఉన్నాయి. మూడు చరణాలు పాడి ఆపేసింది. శైలజ ఎన్నిసార్లు అడిగినా ఆ పాట అక్కడే ఆగేది. తర్వాత ఇంకేం లేదనేది ముత్తవ్వ.

చప్పట్లయ్యాక కోరుట్ల నుంచి చేరిన నవనీత అనే విద్యార్థిని మైక్ తీసుకుంది. తమ రైసుమిల్లు కాపలా తాత పక్కనే కూర్చుని వింటున్నాడనీ, ఈ పాటకు ఇంకో చరణం ఉందంటున్నాడనీ చెప్పింది. మేడమ్ సంతోషంగా పాడమంది.

తెరమీద మొఖం కనబడలేదు. సగం తెల్లగడ్డం, వెనక వడ్ల బస్తాలు, అంతే. గొంతు మాత్రం బొంగురుగా, నిదానంగా వచ్చింది.

“ముత్తవ్వ మడిలోన నడువంగ జూస్తె,
మువ్వలెందుకు మళ్ళ కాళ్ళకూ...”

అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. ముసలాయన అతిథి పేరు పెట్టి అప్పటికప్పుడు కైకట్టాడనుకున్నారు. శైలజ కూడా అట్లాగే అనుకుంది, తండ్రి మొఖం చూసేదాకా. ఏసుబాబు గడప పట్టుకుని లేచి నిలబడ్డాడు.

“మంచిగున్నవా ముత్తవ్వా?” అంది ఫోన్‌లోని గొంతు.

ముత్తవ్వ తెరనే చూసింది.

“మంచిగనే ఉన్న,” అని, వెంటనే కలుపు పాట ఎత్తుకుంది. పాట ఎక్కడా తప్పలేదు. అది అయిపోయేలోగా వడ్ల బస్తాల గడి ఖాళీ అయింది. తాతకు ఏమైందో, కండ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడని నవనీత చాట్‌లో రాసింది. గల్ఫ్‌లో ఏదో కేసులో ఇరుక్కుని పదమూడేళ్ళు జైల్లో ఉండి వచ్చాడట, తనకు ఎవరూ లేరంటాడట.

సభ ముగిసింది. శైలజ ఫోన్ ఆపేసరికి ఏసుబాబు తల్లి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

“అవ్వా, గది బాపు గొంతు.”

ఏసయ్య తాత సమాధికి ఏటా సున్నం వేసేది శైలజే. తాను పుట్టకముందే ఆయన గల్ఫ్‌లో చనిపోయాడనీ, రెండు నెలలకు పెట్టెలో శవం వచ్చిందనీ చిన్నప్పటి నుంచి విన్నది. పాతబడ్డ శవం, తెరవొద్దని వెంట వచ్చినవాళ్ళు గట్టిగా చెప్పారట. అప్పటికి పద్నాలుగేళ్ళున్న ఏసుబాబు ఆ పెట్టె మీదే మన్ను పోశాడు.

ముత్తవ్వ ఔననలేదు, కాదనలేదు. చెంబెడు నీళ్ళు తాగింది. పాపం, దెబ్బకు మాట పడిపోయిందనుకుని శైలజ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. నాయనమ్మ గుండె మామూలుగానే కొట్టుకుంటోంది.

ఏసుబాబు ఆటో తాళంచెవి కోసం అంగి జేబులన్నీ వెతుక్కుంటున్నాడు. ఇప్పుడే కోరుట్ల పోయి తోలుకొస్తానన్నాడు.

“వద్దు కొడుకా,” అంది ముత్తవ్వ.

“తాగి నీ చెయ్యి విరగ్గొట్టిండు, నాకు యాదికున్నది. అయినా ఇప్పుడు ముసలోడైండు కదా అవ్వా. సచ్చిండని మనమే పాతిపెట్టినంక ఆయన ఏ మొఖంతోటి ఇంటికొస్తడు?”

శైలజ నాయనమ్మ ఎడమచేతి వైపు చూసింది. సరిగ్గా పైకి లేవని ఆ చెయ్యి గట్టు మీద నుంచి పడితే విరిగిందనే ఇన్నాళ్ళూ విన్నది.

ఏసుబాబుకు ఏడుపు ఆగలేదు. పంపినవాళ్ళు పెట్టెలు తారుమారు చేసి ఉంటారన్నాడు. అందులో ఉన్నది ఎవరి కొడుకో, ఆ తల్లి ఇప్పటికీ ఏ ఊళ్ళో ఎదురుచూస్తుందో అని తల కొట్టుకున్నాడు. తెరవొద్దన్నారు కాబట్టే ఇంత మోసం జరిగిందన్నాడు.

“మనకెట్ల తెలుస్తది అవ్వా? పెట్టె తెరిచి ఎవ్వలం చూడకపోతిమి.”

ముత్తవ్వ కొడుకు తల మీద చెయ్యి వేసి, నెమ్మదిగా అంది.

“నేను చూసిన.”