దగ్గుకు ముందు

“ఆపరేషన్ అవుతున్నంతసేపూ మీ పక్కన పెద్దాయన కూర్చుంటారు. ఆయన చెయ్యి వదలకండి” అంది నర్సు.

దర్జీకి “పెద్దాయా” అని వినపడింది.

నలభై ఏళ్ళు కుట్టుమిషన్ పక్కన కూర్చున్న చెవులవి. మాటల అంచులు కత్తిరించి గానీ లోపలికి పంపవు.

“చిన్నాయా ఖాళీగా లేదా?” అన్నాడు.

“ఉన్నది ఆయనొక్కరేనండి” అంటూ నర్సు కంట్లో ఇంకో చుక్క మందు వేసింది.

దర్జీకి ఉన్నదీ ఆ కన్నొక్కటే. ఎడమది చిన్నప్పుడే పోయింది. కుడిదానికి ఇప్పుడు శుక్లం ముదిరింది. ఏడాదిగా సూదిలోకి దారం భార్య ఎక్కిస్తోంది, తలకి కోపం ఈయన ఎక్కించుకుంటున్నాడు.

ఈ కన్ను కూడా చెడితే ఇక కొలతలు తీసుకోవడం ఉండదు, గోడలు తడుముకోవడమే.

చుక్కల మందుకు కంటిపాప పెద్దదై లోకమంతా అలికినట్టయింది. ఆ మసకలో ఒక పచ్చ గౌను వచ్చి పక్క స్టూలు మీద కూర్చుంది.

“నమస్కారమండీ” అంది గౌను, మగగొంతుతో.

“మగాళ్ళని కూడా ఆయాలుగా పెట్టుకుంటున్నారా! మంచిదే. ఇదిగో ఆయా, నా చెప్పులు తలుపు దగ్గర విడిచాను. ఎవరూ తొడుక్కుపోకుండా చూడు.”

నర్సు నోరు తెరిచింది. పెద్దాయన వద్దన్నట్టు వేలు చూపించి, “అలాగేనండి” అని లేచి వెళ్ళి చెప్పులు తీసి జాగ్రత్త పెట్టాడు.

థియేటర్లో దర్జీ ముఖం మీద గుడ్డ కప్పారు. కంటి దగ్గర మాత్రం చిన్న కంత.

“కాజా బాగానే తీశారు” అన్నాడు దర్జీ గుడ్డ కిందనుంచి. “ఇంతకీ లోపల ఏం చేస్తారమ్మా?”

“కంటిపాప వెనక కటకం ఉంటుంది, పల్చటి సంచిలో” అంది డాక్టరమ్మ. “సంచి చిరగకుండా, మసకబారిన కటకాన్ని ముక్కలు చేసి పీల్చేస్తాం. అదే సంచిలో కొత్తది పెడతాం.”

“జేబు చిరగకుండా జేబులో సరుకు మార్చడం.”

“అంతే.”

“కుట్లెన్ని?”

“ఒక్కటీ లేదు. కోత చాలా చిన్నది, దానంతటదే మూసుకుంటుంది.”

“కుట్టు లేని పనికి గ్యారంటీ ఏమిటమ్మా?”

“మీరు తల కదపకపోవడమే గ్యారంటీ. దగ్గొచ్చేలా ఉంటే ముందు ఆయన చెయ్యి గట్టిగా నొక్కండి. నేను పరికరం బయటికి తీస్తాను. అప్పుడు దగ్గండి.”

పెద్దాయన చెయ్యి అందించాడు.

ఆ చెయ్యి వణుకుతోంది.

“ఏమయ్యా, కోయించుకునేది నేనా, నువ్వా?” అన్నాడు దర్జీ.

“మీరేనండి.”

“మరి వణుకుడు నీకెందుకు?”

“అలవాటైపోయిందండి. ఎవరైనా పట్టుకుంటే కాస్త తగ్గుతుంది.”

మిషన్ సన్నగా కూనిరాగం తీసింది. నీళ్ళ అడుగున దీపం పెట్టినట్టు వెలుగు. దర్జీ ఊపిరి కూడా కొలిచి పీలుస్తున్నాడు.

“ఆపమ్మా” అన్నాడు పెద్దాయన హఠాత్తుగా.

డాక్టరమ్మ చెయ్యి వెనక్కి వచ్చింది.

మరుక్షణం దర్జీ దగ్గాడు. బల్ల అదిరింది.

“అయిందాండీ? ఇక కానివ్వమ్మా” అన్నాడు పెద్దాయన.

పావుగంటలో అంతా అయిపోయింది. కంటికి కట్టు కట్టి వార్డులోకి తెచ్చారు.

“డాక్టరమ్మ చెయ్యి బంగారం” అన్నాడు దర్జీ నర్సుతో. కుట్టుమిషన్ మోత మీద మాట్లాడి మాట్లాడి మెత్తగా చెప్పడం ఆయనకు చేతకాదు. “ఆ ఆయాని మాత్రం మార్చండి. వణికే చేతిని పట్టుకుని పడుకుంటే సగం ప్రాణం అక్కడే పోయింది. ఇంకెవరి పక్కనా కూర్చోబెట్టకండి.”

నర్సు ఏదో చెప్పబోయింది. దర్జీ దర్జాగా అటు తిరిగి పడుకున్నాడు.

చెప్పులు పట్టుకొచ్చిన పెద్దాయన గుమ్మంలోనే ఆ మాట విన్నాడు. వాటిని మంచం కింద జతగా పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున కట్టు విప్పారు.

దర్జీ ముందు కిటికీని చూశాడు. తర్వాత భార్యను చూశాడు.

“నీ భుజం మీద కుట్టు వంకరపోయిందే!”

“ఏడాది కిందట కుట్టింది తమరే” అంది భార్య కళ్ళు తుడుచుకుంటూ.

వార్డంతా నవ్వింది.

డాక్టరమ్మ దీపం వేసి కన్ను చూసింది. “సంచి భద్రంగా ఉంది. నిన్న మీరు చెయ్యి నొక్కకుండానే దగ్గారు, తెలుసా?”

“కంగారులో మరిచిపోయానమ్మా. మరి అతనికెలా తెలిసింది?”

“దగ్గు గొంతులోకి రాకముందే వేళ్ళలోకి వస్తుందంటారాయన. మీ వేళ్ళు బిగిశాయి. ఆ ఒక్క క్షణం ఆలస్యమైతే సంచి చిరిగేది. ఈ చూపు వచ్చేదో లేదో.”

దర్జీ చెప్పుల కోసం కాలు కిందికి పెట్టాడు. “ఆ ఆయా ఎక్కడ? నిన్న నోరు జారాను. నేనే వెళ్ళి చెప్తాను.”

“ఆయన రాలేదండి” అంది నర్సు. “ఇక రారట. భయపడేవాళ్ళకి వణికే చెయ్యి ఇవ్వకూడదు, పేషెంటు చెప్పింది నిజమే, అన్నారు.”

దర్జీ కాలు నేల మీదే ఉండిపోయింది.

“ఇంతకీ ఎవరమ్మా ఆ ఆయా?” అంది పక్కమంచం ఆవిడ.

“ఆయా కాదండీ, నేను చెప్పింది పెద్దాయన అని” అంది నర్సు వార్డు మొత్తానికీ వినపడేలా.

డాక్టరమ్మ దీపం ఆర్పింది.

“ముప్పై ఏళ్ళు ఈ థియేటర్లో కళ్ళు బాగుచేసింది, నాకు పని నేర్పింది ఆయనే. మొదటిసారి చెయ్యి వణికిన రోజున, ఇంకెవరూ గమనించకముందే, కత్తి నా చేతిలో పెట్టి తను వెళ్ళి ఆ స్టూలు మీద కూర్చున్నారు.”