ఒరకి కొత్త క్లిప్పు

“నన్ను ముట్టుకోకు. దూరం నుంచే కొలత తీసుకో,” అంటూ సుబ్బారాయుడుగారు రివాల్వరుని ఒరతో సహా చెక్క మీద పడేశారు.

అమలాపురం బస్టాండు పక్కన తోలుపని చేసే దానియేలు ఆయన బొజ్జ కేసి చూశాడు. “ముందు బిగిస్తే బొజ్జ అడ్డమండీ. వెనకైతే కారు సీటుకి గుచ్చుకుంటాది. క్లిప్పు మార్చి పక్కకి పెట్టమంటారా?”

“ఎక్కడైనా పెట్టు. నలుగురికీ కనపడాలి.”

“ఆయ్.”

దానియేలు చివికిన పట్టీ కోసేసి, ఇనప క్లిప్పు పెట్టి రివెట్లు కొట్టాడు. రివాల్వరు బయటికి లాగి చూశాడు. “సులువుగా వస్తందండీ. ఇంతకీ ఎవరి మీదకండీ ఇది?”

“రేపు మీ పేటలో పెళ్లంట కదా. ఊరేగింపు మా వీధిలోంచి తెస్తారంట. రమ్మను. ఆరు తూటాలూ నింపే ఉంచేను.”

“ఇందులోనాండీ?”

సుబ్బారాయుడుగారు దానియేలు చేతికేసి చూశారు. పేటోళ్లని బెదిరించడానికి కొన్న రివాల్వరు పేటోడి చేతిలోనే ఉంది. ఇచ్చింది తనే.

దానియేలు దాన్ని ఒరలోకి తోసి, గుండీ నొక్కి, చెక్క మీద ముందుకి జరిపాడు. “పెళ్లికూతురు మా అమ్మాయేనండీ. సాయంత్రం ఆరింటికి తమరి గుమ్మం ముందుకొస్తాం.”

ఆయన ఒర అందుకుని బెల్టుకి తగిలించబోయారు. బొజ్జ కింద బెల్టు కనపడక క్లిప్పు రెండుసార్లు జారింది.

“నువ్వే పెట్టరా,” అన్నారు నెమ్మదిగా.

“ముట్టుకోవద్దన్నారు కదండీ,” అని దానియేలు పనిముట్లు సంచిలో సర్దుకున్నాడు. ఇంట్లో పెళ్లిపని చాలా ఉంది.